గొల్యాతు వాళ్లమ్మ

కోట చర్చిలో సండే స్కూలు టీచర్లకు శిక్షణ. ఆ రోజు నవోమి పాఠం చెప్పాలి. పాస్టర్లూ సంఘ పెద్దలూ అయిదేళ్ల పిల్లల్లా చాప మీద కూర్చోవాలి. పాఠం బాగుంటేనే ఆదివారం నుంచి ఆమెకు పిల్లల్ని అప్పగిస్తారు.

పిల్లలందరిలోకీ అల్లరివాడు క్రీస్తురాజు అయ్యగారు. వయసు అరవై నాలుగు. ప్రార్థన మధ్యలో జేబులోంచి బొరుగులు తీసి కరకరా నమిలారు. ముందు కూర్చున్న ఇద్దరి కండువాలు కలిపి ముడేశారు. హాలంతా ఒకటే నవ్వు. దావీదు విసిరిన రాయి తగిలి మహాకాయుడు గొల్యాతు చచ్చిపోయాడని నవోమి చెప్పగానే, అయ్యగారు చెయ్యెత్తారు.

"టీచర్, గొల్యాతు చచ్చిపోతే వాళ్లమ్మ ఏడవలేదా?"

నవోమికి ఒళ్లు మండింది. "బయటికి పో!" అనేసి, నాలుక కరుచుకుంది.

అయ్యగారు బుద్ధిగా లేచి వెళ్లి వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డారు. పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పాఠం అయిపోయింది, చప్పట్లు మోగాయి.

"టీచర్, నేనింకా నిలబడాల్నా?" బయటినుంచి చిన్నపిల్లాడి గొంతు.

అయ్యో, మర్చేపోయింది! నవోమి నవ్వుతూ పరిగెత్తింది. ఆయన నవ్వడం లేదు.

"గొల్యాతు వాళ్లమ్మ సంగతి అయిదేళ్లప్పుడు నన్నడిగింది నువ్వే నవోమీ. ఆ బొరుగులు, ఆ కండువాల ముడి, అన్నీ నీ అల్లరే. నిన్ను ఇట్నే బయట నిలబెట్టినా. లోపలికి పిలవడం మర్చిపోయినా. పదేళ్లు నువ్వు చర్చి గడప తొక్కలేదు."

నవోమి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా బాబూ. వాళ్లమ్మ ఏడ్చే ఉంటది. రా, అందరం కూర్చుని ఆమె కథ చెప్పుకుందాం."

అయ్యగారు గెంతుకుంటూ లోపలికొచ్చి, అందరికంటే ముందు కూర్చున్నారు.