గుమ్మటం కింద గుసగుస

"పార్కులో బెంచీ మీద కూర్చోబెడదాం. బండి తెస్తామని చెప్పి అటునుంచటే వెళ్ళిపోదాం. ఎవరో ఒకరు చూసి ఏదో ఆశ్రమంలో చేర్పిస్తారు."

పెద్దావిడ ఉలిక్కిపడి పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. గోడ ఒక్కటే ఉంది.

అసెంబ్లీ భవనంలో గుమ్మటం కింద ఉన్న గుండ్రటి హాలు అది. ఇక్కడ ఒక గోడ దగ్గర గుసగుసలాడితే ఎదురుగోడ దగ్గర ఉన్నవాళ్ళ చెవిలో పడుతుందని గైడు ఇందాకే చెప్పాడు. ఆవిడ ఎదురుగోడ వైపు చూసింది. చూడవచ్చిన జనం గుంపుగా ఉన్నారు. వాళ్ళ మధ్య కొడుకూ కోడలూ తలలు దగ్గర పెట్టి ఏదో మాట్లాడుకుంటున్నారు.

గుసగుసలో గొంతు ఎవరిదో తెలియదు. మాటలు మాత్రం తెలిశాయి. సెలవురోజు మంచం దిగని కొడుకు, "అసెంబ్లీ చూసొద్దాం రామ్మా" అని తనంతట తనే ఎందుకు అడిగాడో కూడా తెలిసింది.

ఆ తర్వాత గైడు సభ్యుల కుర్చీలు చూపించినా, స్పీకరు కూర్చునే చోటు చూపించినా ఆవిడ కంటికి ఆనలేదు. కోడలు నీళ్ళసీసా అందిస్తే, "ముందు నువ్వు తాగు" అంది.

అందరూ మెట్లు దిగి పార్కులోకి వచ్చారు. అక్కడున్న ఒక విగ్రహం పక్కన బెంచీ చూపించాడు కొడుకు.

"నువ్విక్కడ కూర్చోమ్మా. బండి దూరంగా పెట్టాం. మేం వెళ్ళి ఈ గేటు దగ్గరికి తెస్తాం."

"నేనూ వస్తాను."

"మోకాళ్ళు లాగేస్తున్నాయన్నావుగా?"

"ఇప్పుడు లాగడం లేదు."

"మెట్ల మీద నా చెయ్యి విరిచేసినంత పని చేశారు," అంది కోడలు. "కూర్చోండత్తయ్యా, ఎంతసేపని."

"అదే నేనూ అడుగుతున్నా. ఎంతసేపని?"

మొగుడూ పెళ్ళాలు ముఖముఖాలు చూసుకున్నారు. ఆ చూపుతో ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది.

"ఇద్దరూ వెళ్తామంటే మటుకు నీ ఫోనూ, నీ పెళ్ళాం మెళ్ళో గొలుసూ నా ఒళ్ళో పెట్టి వెళ్ళండి."

"తాకట్టా అత్తయ్యా?" కోడలు నవ్వబోయి ఆగిపోయింది. అత్తగారి కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమైందమ్మా?"

"గోడ చెప్పిందిరా." విన్నదంతా చెప్పేసింది. "వదిలించుకోవాలనుకుంటే నా ముఖం మీదే చెప్పండి. ఇలా దారీ తెన్నూ తెలియని చోట కూర్చోబెట్టి పోకండి."

కోడలు ఆవిడ పక్కన చతికిలబడింది.

"నేనన్నదేంటో చెప్పనా? బయట ఐస్‌క్రీం బండి ఉంది, మీ షుగరు మందులు నిన్ననే మార్చారు, అటువైపు తీసుకెళ్ళొద్దు అన్నాను. ఒక్కటి తింటే ఏం కాదులే అని మీ అబ్బాయి వాదన. మేం మాట్లాడుకున్నది ఇంతే."

"మరి నాకు వినబడింది?"

"ఎవరో సినిమా కథ చెప్పుకుంటూ ఉంటారమ్మా," అంటూ కొడుకు తన ఫోను తీసి తల్లి ఒళ్ళో పెట్టాడు. "ఇదిగో తాకట్టు. నీ కోడలు కూడా ఇక్కడే ఉంటుంది."

ఆవిడకి సిగ్గేసింది. ఫోను వాడి జేబులోకే తోసింది. "పొండిరా, ఇద్దరూ పొండి. వచ్చేటప్పుడు ఆ ఐస్‌క్రీం తేవడం మర్చిపోకండి."

అన్నదే గానీ, వాళ్ళు చెట్ల వెనక్కి తిరగగానే బెంచీ అంచుకి జరిగి కూర్చుంది. గేటు మీద నుంచి చూపు తిప్పలేదు. ఏ బండి చప్పుడైనా సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

చివరికి గేటు దగ్గర కొడుకు హారన్ కొట్టాడు. కోడలు కిటికీలోంచి ఐస్‌క్రీం ఊపుతూ చూపించింది.

మోకాళ్ళ మాట మర్చిపోయి ఆవిడ గబగబా నడిచింది. విగ్రహానికి అవతలి బెంచీ మీద, బట్టల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ నవ్వుతూ పలకరించింది.

"మీ అబ్బాయి అప్పుడే వచ్చేశాడే. మావాడూ బండి తేవడానికే వెళ్ళాడమ్మా, మీరింకా లోపలున్నప్పుడే."