ఏడో గీత

"ఇంకొంచెం వంగాల పాపా, పైరాయి తలకి తగుల్తాది" అంటూ చెంచురామయ్య ముందుగా ఆ చీకటి గదిలోకి దూరాడు.

ఉదయగిరి కోట చూడవచ్చినవాళ్లకు ఇరవై ఏళ్లుగా ఆయన ఈ గది కథ చెబుతున్నాడు. ఈరోజు వచ్చిన కృపారాణి ఆత్మకూరులో టీచరు. గది ముందు పెట్టబోయే బోర్డుకు కథ రాసిస్తానంది. ఆ మాట విన్నప్పటినుంచీ ఆయనకు మోకాళ్ల నొప్పి కూడా గుర్తురాలేదు. బోర్డుకెక్కితే కథ రాజులదే అయిపోతుంది. ఇక దాన్నెవరూ తవ్వరు.

చెప్పడం మొదలుపెట్టాడు. రాజు మీద తిరగబడిన యువరాజు ఈ గదిలోనే దాక్కున్నాడట. ప్రాణస్నేహితుడొకడు మేకలు మేపే వంకతో రోజూ సంగటి తెచ్చేవాడట. ఎక్కివచ్చే దారి వాడొక్కడికే తెలుసు. నలభై ఒకటో రోజున సంగటికి బదులు సైనికుల్ని తెచ్చాడు. దాక్కున్న గదికే రాజు ఇనుప తలుపు బిగించి చెరసాల చేశాడు.

కృపారాణి రాయడం ఆపింది. "స్నేహితుడు దారి ఎందుకు చూపించినాడు?"

ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. అందరికీ యువరాజు ఎలా చచ్చాడన్నదే కావాలి.

"బెదిరించుంటారు. నాలుగు దెబ్బలు పడుంటాయి. మనిషి గదా" అన్నాడు నెమ్మదిగా. "పట్టుకున్నప్పుడు యువరాజు వాణ్ని ఒక్క మాటన్నా అనలేదంట. చూసినాడు, అంతే."

ఆమె ఫోను లైటు గోడ మీద వేసింది. వరసగా గీతలు. ఏడింటికొకటి పొడుగ్గా ఉంది.

మాట మళ్లించడానికి గీతలు దొరికినందుకు చెంచురామయ్య తేలికపడ్డాడు. అంత శ్రద్ధగా వినేవాళ్లు దొరక్క దొరికారు. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది ఈమెకు చెప్పాలనిపించింది.

"రోజుకొకటి గీసుకున్నాడు. మామూలు రోజుకు పొట్టిది, ఆదివారానికి పొడుగుది. ఆ గుట్టు వాళ్లిద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు."

"రాజులకు ఆదివారం గొప్పేంది పెద్దాయనా?"

ఆమె ఒక పొడుగు గీత మీద వేలు పెట్టి, మెల్లగా పైనుంచి కిందికి జరిపింది.

"ఇక్కడ్నించి పట్టకపోయినాక, జైల్లో గూడా మా నాయన ఆదివారం గీత పొడుగ్గానే గీసినాడు."