మూడు సెకన్లు

మాస్టారు చేసిన వెబ్ పేజీ తెరుచుకోలేదు. మీటింగు గదిలో అందరూ తెర వంకే చూస్తున్నారు. ఒకటి... రెండు... మూడు. అప్పుడు తెరుచుకుంది.

"అంబులెన్సు పిలిచే పేజీ అండీ ఇది!" అన్నాడు మేనేజరు. "అమ్మాయి ఫ్రేమ్‌వర్క్‌తో చేసింది చిటికెలో వచ్చింది. మీరు సొంతంగా రాసిన కోడ్‌కి ఇంతసేపా?"

"నిన్న బాగానే ఉందండీ," అన్నారు మాస్టారు నెత్తి గోక్కుంటూ.

"నిన్నటి సంగతి నాకెందుకు? ఇకనుంచి అన్నీ ఫ్రేమ్‌వర్క్‌లోనే. ఆ పని అమ్మాయి చూసుకుంటుంది."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మాస్టారే. పక్కనే కూర్చున్న ఆ అమ్మాయికి తలెత్తబుద్ధి కాలేదు.

ఆమెకు కోడ్ రాయడం నేర్పింది ఆయనే. అందుకే ఆఫీసులో ఆయన మాస్టారు, ఆమె శిష్యురాలు. ఫ్రేమ్‌వర్క్ అంటూ నాలుగు లైన్ల పనికి ఎవరో కట్టిన నలభై ఫైళ్లు మొయ్యడం దేనికని ఆయన వాదన. కాలం మారింది మాస్టారూ అని ఆమె వాదన. ఆర్నెల్లుగా ఇదే గొడవ. ఎలాగైనా నెగ్గాలని, పొద్దున ఆయన టీకి వెళ్లినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని ఆయన కోడ్‌లో ఒక్క లైను ఇరికించింది: మూడు సెకన్లు ఆగి తెరుచుకో.

నెగ్గింది. అప్పటి నుంచీ అన్నం సహించలేదు. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది. సాయంత్రం చెప్పేద్దామని వెళ్తే ఆయన సొరుగు ఖాళీ చేస్తున్నారు.

"ఏంటి మాస్టారూ ఇది?"

"రాజీనామా ఇచ్చేశానమ్మా."

"ఒక్క పేజీకా! ఫ్రేమ్‌వర్క్ నేను నేర్పిస్తాను. మీకదో లెక్కా?"

"ఓడిపోయినందుకు కాదు పిచ్చితల్లీ. ఇలా రా."

స్క్రీను ఆమె వైపు తిప్పారు. ఆ లైనే. దొరికిపోయాననుకుంది. అందుకు కాస్త ఊపిరి కూడా ఆడింది.

"మాస్టారూ, నన్ను..."

"ముందు నన్ను చెప్పనీ. ఇవాళ పొద్దున పదిన్నరకి రాసిన లైను ఇది. నా సీట్లోంచి, నా పేరు మీద. ఇంకెవరు రాస్తారు?" నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "ఎంత ఆలోచించినా రాసినట్టే గుర్తు లేదు. ప్రాణాలతో పని, ఇలాంటి బుర్ర పనికిరాదమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నా. మా అమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది."