చెంచాడు సముద్రం

కారు వెనక ట్రైలరు మీద వాటర్ స్కూటర్ ఇంకా గేటు దాటి లోపలికి రానేలేదు, అత్తగారు చెంచా పట్టుకుని మెట్ల మీద ప్రత్యక్షమయ్యారు.

"నేను వచ్చేదాకా బిరడా తియ్యకండి, అల్లుడుగారూ."

అల్లుడి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

మామగారు ఆ బండిని ఇన్నేళ్ళూ సముద్రం మీద తనే నడిపి, మోకాళ్ళు సహకరించడం లేదంటూ పోయిన వారమే చిన్నల్లుడి చేతిలో పెట్టారు. ఊరికే పెట్టలేదు. సముద్రం నుంచి రాగానే కడగాలి. అడుగున మిగిలిన నీళ్ళు బిరడా తీసి వదిలేటప్పుడు మొదటి చుక్క అత్తగారి నాలుక మీద పడాలి, ఎంత ఉప్పు పట్టిందో ఆవిడ తేలుస్తారు. కడిగాక చివరి చుక్కా ఆవిడకే. అది చప్పగా ఉంటేనే పని అయినట్టు. కారెక్కితే కడుపులో తిప్పే మనిషి కనక ఆవిడ ఎన్నడూ సముద్రం దాకా వెళ్ళింది లేదు. సముద్రమే ఆదివారం ఆదివారం చెంచాలో ఆవిడ దగ్గరికి వచ్చేది.

చిక్కేమిటంటే, ఇవాళ అల్లుడు సముద్రానికి వెళ్ళలేదు. పోయిన ఆదివారం కెరటం బోల్తా కొట్టించినప్పుడు మింగిన నీళ్ళు ఇంకా గొంతులోనే ఉన్నట్టున్నాయి. భయమేస్తోందని పైకి అన్నాడా, బండి పెద్దల్లుడి గుమ్మంలోకి చేరుతుంది. ఆ పెద్దమనిషి అసలే వెక్కిరించడం మొదలెడితే ఆగడు, ఇక భోజనాల దగ్గర ఇతగాడు తలెత్తి కూర కూడా అడగలేడు. అందుకని మూసేసిన గోడౌన్ వెనక నీడలో కారు ఆపి, పొద్దంతా గోళ్ళు కొరుక్కుని, బకెట్టు నీళ్ళలో వంటింటి ఉప్పు కలిపి బండి మీదా లోపలా పోశాడు. పక్కన కడుతున్న ఇంటి ముందు కుప్పలోంచి రెండు గుప్పిళ్ళ ఇసుక కూడా తెచ్చి చల్లాడు. పిరికితనానికి పనితనం తోడైతే ఇలాగే ఉంటుంది.

"జుట్టు పొడిగా ఉందేమిటి?" అన్నారు అత్తగారు.

"గాలికి... ఆరిపోయిందండి."

"కారు అద్దాలు దించుకుని వస్తే ఆరదూ? నాకూ అలాగే ఆరేది," అన్నారు మామగారు, రబ్బరు పైపు చుట్ట విప్పుతూ. "కెరటాలు ఎలా ఉన్నాయి?"

"పెద్దవేనండి."

"ఆఁ, ఆదివారం పెద్దవే ఉంటాయి."

ఆదివారానికీ కెరటాలకీ ఉన్న చుట్టరికమేమిటో అల్లుడికి బోధపడలేదు. అయినా తలాడించాడు.

మామగారు సీటు ఎత్తి కింద ఇసుక తుడవసాగారు. వేళ్ళకి గరుగ్గా ఏదో తగిలింది. పైకి తీసి చూస్తే కంకర ముక్క. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నారు.

"ముందు ఇంజన్ కడుగుదాం," తొందరపెట్టారు. "గుర్తుందిగా అల్లుడూ? ఇంజన్ స్టార్ట్ చేశాకే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టెయ్యాలి, తర్వాతే ఇంజన్. తారుమారు చేశావంటే ఇంజన్లోకి నీళ్ళు పోయి బండి మూలన పడుతుంది."

"ఇంజన్ ఎక్కడికీ పారిపోదు," అత్తగారు మెట్లు దిగి వచ్చారు. "ముందు బిరడా."

"ఎందుకే ఆ మురికి నీళ్ళు నోట్లో పోసుకోవడం? నీ బీపీకి ఉప్పు మంచిది కాదు."

"ఇన్నేళ్ళూ లేని బీపీ ఇవాళ గుర్తొచ్చిందా మీకు?"

మామగారు వంగి పైపు అందుకున్నారు.

అల్లుడు వంగి బండి వెనక బిరడా పట్టుకున్నాడు. ఒక చుట్టు తిప్పాక గుర్తొచ్చింది అతనికి. పోయిన వారం తను మింగిన నీళ్ళు ఉత్త ఉప్పన కాదు. చివర్లో నాలుక మీద చేదు మిగిలింది. వంటింటి ఉప్పుకి ఆ చేదు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆవేళ అత్తగారు కూడా చెంచా నోట్లో పెట్టుకోగానే ముఖం చిట్లించారు. ఆ తర్వాత చాలాసేపు మామగారి వంకే చూస్తూ ఉండిపోయారు. ఎందుకో అతను పట్టించుకోలేదు. ఇవాళ ఆ చూపు తన మీద పడుతుంది.

బిరడా మళ్ళీ బిగించేద్దామా అనుకునేలోపే నీళ్ళు కారాయి. అత్తగారు చెంచా పట్టారు.

"అత్తయ్యగారూ, ఒక్క మాట..."

"ఉండండి."

ఆవిడ చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. బుగ్గ ఇటు నుంచి అటు కదిలింది. అల్లుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. మామగారు పైపు రెండు చేతులా బిగించి పట్టుకుని, వాన వస్తుందేమోనన్నట్టు మబ్బులేని ఆకాశం చూస్తున్నారు. మనసులో అల్లుడు అప్పటికే బండి తాళాలు తోడల్లుడి చేతిలో పెట్టేశాడు. ఎందుకొచ్చిన గొడవ, ఉన్నమాట చెప్పేస్తే పోదూ అనిపించింది కూడా.

అత్తగారు కళ్ళు తెరిచి, చెంచా కొంగుతో తుడిచారు.

"పోయిన వారం మీరు తెచ్చినవి ఒకటే చేదు, అల్లుడుగారూ. ఇదేం సముద్రమా అనుకున్నాను," అన్నారు తాపీగా. "ఇవాళ కుదిరింది. ఇన్నేళ్ళూ మీ మామగారు తెచ్చింది అచ్చం ఈ నీళ్ళే."