ఇరవై ఎనిమిది అంగుళాల బార్

“ఇదిగో, చెట్టు చుట్టుకొలత,” అంటూ పెద్దాయన జేబులోంచి ముడి వేసిన తాడు తీసి కౌంటర్ మీద పరిచాడు.

రంపం మిషన్లు అమ్మే ఆ కొట్టు యజమాని టేపు పెట్టి కొలిచాడు. ముడి దాకా ఎనభై రెండు అంగుళాలు.

“అంటే అడ్డంగా ఇరవై ఆరు, బాబాయ్. బార్ దానికంటే రెండంగుళాలైనా ఎక్కువ ఉండాలి.”

“బార్ అంటే?”

“చైన్ తిరిగే ఈ ఇనప పట్టీ,” అని గోడకున్న ఓ మిషన్ చూపించాడు.

పెద్దాయన తల పంకించాడు. ముప్పై ఏళ్లు చెట్లు కొట్టి బతికినవాడు. గొడ్డలి ఎరుగును. ఇద్దరు కూర్చుని లాగే రంపం ఎరుగును. మిషన్ సంగతి మాత్రం కొట్టువాడు చెప్పిందే వేదం. పక్కన కోడలు ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

యజమాని స్టూలెక్కి పై అరలోంచి పెద్ద మిషన్ దింపాడు. దాని మీది దుమ్ము చొక్కా చేతితోనే తుడిచాడు.

“బార్ ఒక్కటే పొడుగుంటే చాలదు, బాబాయ్. చిన్న ఇంజిన్‌కి ఇంత బార్ బిగిస్తే దూడ మెడ మీద కాడి పెట్టినట్టే. చెక్క నడిమికి వెళ్లి చైన్ ఆగిపోతుంది. ఇది తొంభై సీసీ. అరటిబోదెలో కత్తి దిగినట్టు దిగుతుంది.”

పెద్దాయన మిషన్ ఎత్తబోయాడు. అది ఓ పక్కకి ఒరిగింది. కోడలు కింద చెయ్యి వేసి ఆపింది.

“మావయ్యా, నెమ్మది.”

“బరువే!” అని నవ్వాడాయన. “అయినా మోసేది నేను కాదులే. చెట్టంత కొడుకుండగా నాకేం ఖర్మ? అక్కడిదాకా వాడు మోస్తాడు, నేను కోస్తాను. వాడు తాడు పట్టుకుని లాగుతాడు.”

కోడలు గోడకు వేలాడుతున్న చైన్ల వైపు చూపు తిప్పుకుంది.

“తాడు పట్టుకుని ఎక్కడ నిలబడతాడు, బాబాయ్?”

“ఎదురుగా. ఓ అరవై అడుగుల దూరంలో.”

“చాలదు. చెట్టు ఎంత ఎత్తుందో దానికి రెండింతలు దూరం ఉండాలి. తాడు పొడుగ్గా తీసుకోండి. ఎదురుగా వద్దు, పక్కకి నిలబడమనండి.”

“సరే, సరే. ముందే అడగాలి ఇలాంటివి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?”

పెద్దాయన బార్‌ని వేలితో పొడవునా నిమిరాడు. తర్వాత కొంచెం మొహమాటంగా, పక్కన వేలాడుతున్న చిన్న మిషన్ చూపించాడు.

“అది ఇరవై అంగుళాలదా? తేలిగ్గా ఉన్నట్టుంది. అది సరిపోదా, అబ్బాయ్?”

“వద్దు!”

కోడలు ఉలిక్కిపడింది. వాకిట్లో ఎవరో ఆగి లోపలికి తొంగి చూశారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించి యజమాని కౌంటర్ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“వద్దు, బాబాయ్,” అన్నాడు ఈసారి నెమ్మదిగా. “చిన్న బార్ అయితే సగం ఇటు నుంచి కోసి, సగం అటు తిరిగి కొయ్యాలి. అందులో చెయ్యి తిరిగినవాడికే అది కష్టం. మీకు మిషన్ కొత్త. రెండు కోతలూ కలవకపోతే చెట్టు మన మాట వినదు. మీరు చూపించిన వైపు పడదు. ఒకే వైపు నుంచి, ఒకే కోత. ఇరవై ఎనిమిదికి తగ్గొద్దు.”

పెద్దాయన మొహం వెలిగింది.

“చూశావా, అమ్మాయ్? కొట్టువాడంటే ఇలా ఉండాలి! ఏదో ఒకటి అంటగట్టి పంపకుండా, ఇంట్లో మనిషిలా చెప్పాడు.”

“అవును, మావయ్యా.”

“అబ్బాయ్, ఇది పక్కన పెట్టు. రేపు మావాణ్ణి తీసుకొచ్చి పట్టుకెళ్తాను. వాడు కూడా ఓసారి ఎత్తి చూసుకోవాలిగా.”

“అలాగే, బాబాయ్. ఎవరికీ ఇవ్వను.”

పెద్దాయన తాడు చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని, గుమ్మం దాటి ఎండలోకి నడిచాడు. కోడలు ఒక్క అడుగు వెనక ఆగింది.

“మళ్లీ మీకు శ్రమ ఇచ్చాం, అన్నయ్యా. మావయ్య మర్చిపోయి మళ్లీ ఇదే అడుగుతారు, ఇంకే కొట్టుకీ రానంటారు. మీరు ఒక్కసారైనా విసుక్కోరు. మీలాంటివాళ్లు ఎక్కడుంటారు చెప్పండి?”

యజమాని నోరు తెరిచాడు. ఆమె కళ్లలోకి చూశాడు. అక్కడ కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు.

“ఏంటన్నయ్యా?”

“ఏం లేదమ్మా. మెట్టు ఉంది, ఆయన్ని చూసి దింపు.”

ఆమె వెళ్లి పెద్దాయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వీధి మలుపు తిరిగే దాకా చూసి, యజమాని మిషన్ భుజానికెత్తుకుని స్టూలెక్కాడు. దాని చోట దాన్ని పెట్టేశాడు. అలాగే అరకి నుదురు ఆనించి నిలబడిపోయాడు.

ఆ చెట్టు ఆరేళ్ల కిందటే కూలింది. “ఇరవై అంగుళాల బార్ చాలు బాబాయ్, రెండు వైపుల నుంచీ కోసుకోండి” అని తను అమ్మిన మిషన్‌తో పెద్దాయన కోస్తుండగా మెలితిరిగి, ఎదురుగా తాడు పట్టుకుని నిలబడ్డ ఆ కొడుకు మీద.