మారిషస్ తెలుగు బిడ్డ

ఐర్లండ్‌లోని నేవన్‌లో తెలుగువాళ్ల ఉగాది సభ. స్టేజి వెనక క్లోడెట్ హెయిర్ డ్రయ్యర్‌తో రవాన్‌ను వేడి చేస్తోంది. మారిషస్ సెగా పాటలకు వాయించే మేకతోలు వాద్యమది. వెచ్చబడితేనే పలుకుతుంది.

సభ నడిపిస్తున్నావిడ నేరుగా క్లోడెట్ భర్త అప్పయ్య దగ్గరికి వచ్చింది. క్లోడెట్ పక్కనే ఉన్నా గొంతు తగ్గించలేదు.

"అప్పయ్యగారూ, మీ ముత్తాతలు మనవాళ్లు. మీరు పాడండి, మాకు సంతోషం. ఆవిడ మాత్రం స్టేజి ఎక్కొద్దండి. ఆ రంగు, ఆ జుట్టు, ఆ ఆఫ్రికా డప్పు... పండగ పూట ఇదేంటని అందరూ నన్నే అడుగుతారు."

అప్పయ్య నవ్వుతూ తలూపాడు.

డ్రయ్యర్ ఆగింది.

"ఏదో ఒకటి చెప్పి ముందు వరసలో కూర్చోబెట్టండి. షి విల్ బి గ్రాండ్, ఏమీ అనుకోదులెండి," అందావిడ.

అప్పయ్య మళ్లీ నవ్వి, భార్య వైపు చూశాడు.

క్లోడెట్ రవాన్‌ను సంచిలో పెట్టి ఒక్క విసురున జిప్పు లాగింది. సంచి భుజాన వేసుకుని వచ్చి ఆవిడ ఎదుట నిలబడింది.

"ఆయనకి తెలుగు రాదమ్మా," అంది తెలుగులోనే. "మా అత్త తన పాటలన్నీ నాకే నేర్పింది. ఇవాళ మీ స్టేజి మీద రామభజన పాడాల్సింది నేను. ఆయన నా పక్కన తాళం వేస్తాడంతే."

అప్పయ్య క్లోడెట్ భుజం తట్టి తమ భాషలో ఏదో అడిగాడు.

"ఏమందని అడుగుతున్నాడు చూడండి. మీరు నన్నన్న మాటలు ఇప్పుడు ఆయనకి నేనే చెప్పాలి."