వేయని పాచిక

జ్వరంతో చెల్లి ఆ సాయంత్రం ఆటకు కూర్చోలేదు. బల్ల చుట్టూ చేరి తలా ఒక పాత్రగా మారి ఆడే మా కథలో తనది సగం మనిషి, సగం రాక్షసి అయిన కొమ్ముల పిల్ల పాత్ర. ఏ పాత్రయినా బతకాలో చావాలో పాచిక వేసే తేల్చాలి. కానీ అందరికీ ఇంటికెళ్లే తొందర. కథ నడిపేది నేనే కాబట్టి, పాచిక వేయకుండానే ఆ పిల్లను మంచు వంతెన మీద వదిలేసి ఆట ముగించాను.

"పాచిక పారలేదే. నీ రాక్షసి యుద్ధంలో పోయింది," అన్నాను చెల్లితో. వంతెన ఊసే ఎత్తలేదు.

"సర్లే అన్నయ్యా," అని అటు తిరిగి పడుకుంది.

రాత్రి మాత్ర వేద్దామని వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. జ్వరంతో కాలిపోవాల్సిన చెయ్యి మంచుగడ్డలా ఉంది.

కళ్లు తెరవకుండానే గొణిగింది.

"వంతెన మీద చలేస్తోందన్నయ్యా. ఇంకా పాచిక వెయ్యవా?"